వేడినీళ్ల పండుగప్ప

రాత్రి రెండున్నర దాటినా
ఫహాహీల్ రాళ్లగట్టు
పొయ్యి మీంచి దించిన పెనంలాగే ఉంది.
చెప్పులు తడిపి వేసుకుని కూర్చున్నాను.
గాలి లేదు. ఉన్నదల్లా కోస్,
కువైటీలు పేరు పెట్టి మరీ తిట్టుకునే ఆగ్నేయపు ఉక్క.

పగలంతా నా పని చల్లదనం.
ఎవరి మేడ మీదో కంప్రెసర్ విప్పి
గ్యాసు నింపి, చెవి ఆనించి విని,
లోపల ఒకరు దుప్పటి లాక్కునేదాకా
నేను ఎండలో.
పదకొండు నుంచి నాలుగు వరకు
బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం.
ఏసీలు చెడేది సరిగ్గా అప్పుడే.

పక్క రాయి మీద బూ జర్రాహ్, డెబ్బై దాటినవాడు,
సగం అరబ్బీ సగం హిందీలో చెప్పాడు:
ఈ నెలల్లో చేపా మనలాగే,
మిట్టమధ్యాహ్నం నీడ వెతుక్కుంటుంది,
తెల్లారే ముందు ఒక్క గంట
దానికి ఆకలి గుర్తొస్తుంది.
భైరవపాలెం మొగలో మా చిన్నాన్న ఏసుపాదం
ఇదే మాట ఇంకోలా అనేవాడు:
పండుగప్ప బద్ధకస్తురాలు కాదురా, లెక్క తెలిసింది.
ఆటు దిగేటప్పుడు మూలన నిలబడి నోరు తెరుస్తుంది,
మిగతాది నీళ్లే చూసుకుంటాయి.

అందుకే జెట్టీ స్తంభం పక్కకే వేశాను,
పెదవికి గాలం గుచ్చిన బతికున్న కొయ్యింగని.
సోహాగ్ చేతివల పట్టుకుని కునుకుతున్నాడు.
మూడు శుక్రవారాలుగా మాకు దొరికింది
ముళ్లూ, ఒక పాత టైరూ.

బెండు మునగలేదు.
పక్కకి నడిచింది, ఎవరో పిలిచినట్టు.
అంతే.
తాడు వేళ్ల మధ్య పాడింది, కోసింది,
నల్లనీళ్లు పగిలి మనిషి చెయ్యంత వెండి
తల విదిలిస్తూ పైకి లేచింది.
మొప్పల దడదడ ఒడ్డుదాకా వినిపించింది.
టార్చి వేస్తే కళ్లు
ఊదిన నిప్పుల్లా ఎర్రగా.

"తొందరగా లాగు," అరిచాడు బూ జర్రాహ్,
"వేడినీళ్లలో ఆటాడిస్తే చచ్చిపోతుంది,
ఊపిరికి అందులో ఏమీ ఉండదు."
లాగాను.
సోహాగ్ వలలోకి తీసుకుని
అప్పుడే ఆవాల ముద్ద గురించి మాట్లాడుతున్నాడు.
గదిలో ఆరుగురం. చింతపండు నానేసి ఉంది.

చెయ్యి తడుపుకుని పొట్ట తడిమాను. నిండుగా ఉంది.
ఇంతది అయిందంటే ఆడదే.
పండుగప్ప చిన్నప్పుడు మగదట,
పెరిగి పెరిగి ఆడదై గుడ్లు మోస్తుందట.
చిన్నాన్న పుస్తకం చూసి చెప్పలేదు.
కోసి కోసి తెలుసుకున్నాడు.

ఎందుకు వదిలానో సోహాగ్‌కి నేటికీ చెప్పలేకపోయాను.
వదలడం కూడా తేలిక కాలేదు.
నీళ్లలో పెడితే పక్కకి ఒరిగిపోయింది,
తెల్లటి పొట్ట పైకి.
మోకాళ్లదాకా దిగి, కింది దవడ పట్టుకుని
నోట్లోకి నీళ్లు పోయేలా
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.
ఒళ్లు వెచ్చగా ఉన్న సముద్రం అది,
జ్వరం వచ్చిన పిల్లాణ్ణి మోస్తున్నట్టు.
ఫోను మోగింది: మెహబూలా, నాలుగో అంతస్తు, అర్జెంటు.
మోగనిచ్చాను.
రిఫైనరీ మంట వెనక ఆకాశం తెలుపెక్కింది.
అప్పుడు కరిచింది,
నా బొటనవేలిని, ఇసుక కాగితం లాంటి నోటితో,
గట్టిగా, కోపంగా.
చెయ్యి వదిలాను.
తోక ఒక్కసారి ముఖాన నీళ్లు కొట్టింది.
ఆపైన బతికిందో లేదో
స్తంభాల కింది చీకటికే తెలియాలి.

"మజ్నూన్," అన్నాడు బూ జర్రాహ్,
తన ఫ్లాస్కులో టీ నాకు పోస్తూ.

మెహబూలాలో తలుపు తీసిన పిల్ల
ముక్కు మూసుకుని "సమక్! సమక్!" అని నవ్వింది.
పైపు అతుకు మీద సబ్బునురగ రాశాను,
గ్యాసు ఎక్కడ కారుతోందో చూడ్డానికి.
ఒక బుడగ ఉబ్బింది,
దాని పక్కన ఇంకొకటి, నిదానంగా,
అడుగున ఏదో ఊపిరి తీసుకుంటున్నట్టు.
చూస్తూ ఉండిపోయాను.
సబ్బు తగిలి
బొటనవేలు మండింది.